బండికి మాటు

కొత్తవలస దాటాక మొదలైంది చప్పుడు. ఎడమ మోకాలి పక్కన, కటకటమని. ఇంజను వేగం పెంచితే సన్నబడుతుంది, తగ్గిస్తే ఆగిపోతుంది. జనవరి నెల, ఇంకా తెల్లారలేదు, హెల్మెట్ అద్దం నిండా మంచు. దిగి చూసే ఓపిక లేదు. పెందుర్తిలో నాలుగున్నరకు బయల్దేరాను. ఎండెక్కే లోపు అనంతగిరి ఘాట్ ఎక్కెయ్యాలి, చీకటిపడే లోపు జగదల్‌పూర్ చేరాలి. కొత్తవలస నుంచి కిరండూల్‌కు కొండల్ని తొలుచుకుంటూ పోయే రైలు మార్గం ఒకటుంది కదా, సుమారు 445 కిలోమీటర్లు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించేది అదే. ఆ ఖనిజం దిగివచ్చే దిక్కుకే నేను ఎదురెక్కుతున్నాను.

శృంగవరపుకోటలో టీ తాగడానికి ఆగి, ఫోను లైటు వేసి చూశాను. సీటు కింద ఎడమవైపు ప్యానెల్. పై బోల్టు కన్నం దగ్గర పుట్టి కిందికి రెండంగుళాల మేర పగులు. నల్లటి ప్లాస్టిక్ మీద దాని అంచులు సున్నంతో గీత గీసినట్టు తెల్లగా ఉన్నాయి. సంచిలో ఫెవిక్విక్ ఉంది. చుక్కలు వేసి, అంచులు రెండూ నొక్కిపట్టి, ఇరవై దాకా లెక్కపెట్టి, పనైపోయిందనుకుని బండెక్కాను.

సుంకరిమెట్ట దగ్గర మళ్ళీ కటకట. దిగి చూస్తే, జిగురు వేసినంత మేర చెక్కుచెదరలేదు. పగులు మాత్రం జిగురు ఆగిన చోటు నుంచి ఇంకో అంగుళం కిందికి దిగింది. అతుకు బాగానే ఉంది, పగులే నడుస్తోంది. ఇందులో నాకు తెలియనిదేదో ఉందని అప్పుడు అర్థమైంది.

బట్టల కొట్టువాణ్ణి ఎప్పుడైనా గమనించారా? జాకెట్టు గుడ్డ మీటరు కొలిచి, అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు. రెండు చేతులతో పట్టి లాగుతాడు. సర్రుమని ఆ చివరిదాకా చిరిగిపోతుంది. గాటు పెట్టకుండా అదే గుడ్డను చింపమనండి, పహిల్వాను తరం కూడా కాదు. గుడ్డ బలం మారలేదు, చేతుల బలమూ మారలేదు. మారిందల్లా ఆ బలం పడే చోటు. గాటు లేనప్పుడు లాగే బలాన్ని వందల పోగులు పంచుకుంటాయి. గాటు పెట్టాక ఆ భారమంతా గాటు కొసన ఉన్న ఒక్క పోగు మీద పడుతుంది. అది తెగితే పక్కది, అదీ తెగితే ఆ పక్కది.

దీన్ని లెక్కకు తెచ్చినవాడు ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు. 1913లో నౌకా నిర్మాణ ఇంజనీర్ల సభలో చదివిన వ్యాసంలో చెప్పాడు. ఓడల ఉక్కు రేకుల్లో పగుళ్ళూ మూలలూ ఉన్నచోట ఒత్తిడి ఎంత పెరుగుతుందన్నది ఆయన ప్రశ్న. ఆయన చెప్పిన సూత్రం ఇది: అంచున పుట్టిన పగులు పొడవును దాని కొస గుండ్రదనపు వ్యాసార్ధంతో భాగించండి, వర్గమూలం తీయండి, రెట్టింపు చేసి ఒకటి కలపండి. కొస దగ్గర ఒత్తిడి మిగతాచోట్ల కంటే అన్ని రెట్లు. విశాఖలో పుట్టినవాళ్ళకు ఇది కొత్త కాకూడదు. 1948లో ‘జల ఉష’ మన షిప్‌యార్డు నుంచి నీళ్ళలోకి దిగినప్పటి నుంచీ ఓడలు చూస్తూనే ఉన్నాం. ఓడ డెక్కు మీద సరుకు దించే ద్వారాల మూలలు ఎప్పుడూ గుండ్రంగా ఉంటాయి. అది అందం కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హడావిడిగా వెల్డింగు చేసి దింపిన అమెరికా లిబర్టీ ఓడల్లో ద్వారాల మూలలు పదునుగా ఉండేవి, చాలా పగుళ్ళు అక్కడే పుట్టాయి.

నా ప్యానెల్‌కు ఈ లెక్క వేద్దాం. పగులు మూడంగుళాలు, అంటే 75 మిల్లీమీటర్లు. కొస వ్యాసార్ధం మిల్లీమీటరులో నూరోవంతు అనుకుందాం. భాగిస్తే 7,500. వర్గమూలం దాదాపు 87. రెట్టించి ఒకటి కలిపితే సుమారు 175. బండి అదిరినప్పుడల్లా ప్యానెల్ మీద పడే బలం ఆ కొస దగ్గర 175 రెట్లు! ఇది ముతక లెక్కే, కొస దగ్గర ప్లాస్టిక్ కాస్త సాగి మెత్తబడుతుంది కాబట్టి నిజంగా అంత ఉండదు. అయినా పగులు ఎందుకు ఆగదో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా నిమిషానికి ఐదువేల చుట్లు తిరిగే ఇంజను గంటకు మూడు లక్షల సార్లు దాన్ని కుదుపుతుంది. ఒక్కో కుదుపుకు కంటికి ఆననంత జరిగినా చాలు, సుంకరిమెట్ట చేరేసరికి అంగుళం అవుతుంది.

అరకులో రోడ్డుపక్క మెకానిక్ దగ్గర బండి ఆపాను. పాతికేళ్ళ కుర్రాడు. ప్యానెల్ విప్పి, వెనక్కి తిప్పి, వేలితో నా అతుకును తడిమి నవ్వాడు.

“ఏటి సార్, ఫెవిక్విక్ ఏసీసారా?”

“అంటుకుంది కదా తమ్ముడూ.”

“అంటుకుంది సార్. పగులు ఆగాల కదా. దాని దారి మీరు ముయ్యలేదు.”

టీ పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చి ప్యానెల్ మీద రాసి, పొడిగుడ్డతో తుడిచేశాడు. పగులులో ఇరుక్కున్న బూడిద మాత్రం వెంట్రుకంత తెల్లగీతగా మిగిలింది. పగులు ఇక్కడితో అయిపోయిందని నేను అనుకున్న చోటు దాటి, ఆ గీత ఇంకో అర సెంటీమీటరు ముందుకు పోయింది. విమానాల విడిభాగాల్లో సన్న పగుళ్ళు పట్టడానికి రంగు ద్రవం పూసి తుడిచి చూసే పద్ధతి ఒకటుంది. ఈ కుర్రాడి చేతిలో బూడిద చేసిందీ అదే. తర్వాత పాత బైకు చక్రం పుల్ల ఒకటి, మూడు మిల్లీమీటర్ల మందంది, కొసను స్టవ్వు మంటలో ఎర్రగా కాల్చి, ఆ తెల్లగీత ముగిసిన చోట సరిగ్గా గుచ్చి తీశాడు. గుండ్రటి కన్నం, కరిగి నున్నగా తేలిన అంచు.

ఇంతే చికిత్స. ఇప్పుడు పగులు కొస వ్యాసార్ధం మిల్లీమీటరులో నూరోవంతు కాదు, ఒకటిన్నర మిల్లీమీటర్లు. మళ్ళీ లెక్క వేయండి: 75ను ఒకటిన్నరతో భాగిస్తే 50, వర్గమూలం ఏడు చిల్లర, రెట్టించి ఒకటి కలిపితే 15. నూట డెబ్భై ఐదు కాస్తా పదిహేనయింది. కొసన గుమిగూడే బలాన్ని ఇంకా పెద్దచోటికి పరిచామన్నమాట. ఇంగ్లిస్ పేరు ఆ కుర్రాడు విని ఉండడు, విననక్కర్లేదు కూడా. చెప్పుకు గాటు పెట్టాల్సివస్తే చెప్పులు కుట్టే మనిషి ముందు గాటు ముగిసేచోట గుండ్రటి పంచి కొడతాడు. ఆ తెలివి మన వీధుల్లో చాలాకాలంగా ఉంది.

పగులుకు ఇరువైపులా జతలు జతలుగా కన్నాలు పెట్టి, నల్లటి కేబుల్ టైలు గుచ్చి బిగించి తోకలు కత్తిరించాడు. రవికె కుట్టినట్టు నాలుగు కుట్లు. కేబుల్ టై అంటే నైలాను. నల్లవే ఎందుకన్నానంటే, అందులో కలిపిన మసి ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని మింగేస్తుంది. తెల్లవి ఏడాది ఎండకే పెళుసెక్కి పుటుక్కుమంటాయి. ఇంకో సంగతి, నైలాను గాలిలో తేమ పీల్చుకునే పదార్థం. తేమ ఉంటేనే సాగుతుంది. ఏళ్ళ తరబడి సంచి అడుగున ఎండిపోయిన టైలు వంచగానే విరిగితే, నీళ్ళలో నానబెట్టి చూడండి.

నా దగ్గర వెడల్పాటి టేపు కూడా ఉంది. అది వేస్తే పోయేదిగా అన్నాను. ప్యానెల్ మీద గోటితో గీశాడు, ఎర్రదుమ్ము గోటికి వచ్చింది. టేపు పట్టేది ప్లాస్టిక్‌ను కాదు, పైనున్న దుమ్మును. దుమ్ముతో సహా ఊడి వస్తుంది. ఈ పాఠం ఇంతకంటే దూరాన, ఇంతకంటే ఖరీదైన బండి మీద ఒకసారి తేలింది. 1972 డిసెంబరు, అపోలో 17. చంద్రుడి మీద వ్యోమగామి సెర్నన్ దగ్గరున్న సుత్తి తగిలి రోవర్ వెనక కుడి మడ్‌గార్డు ముక్క ఊడిపోయింది. టేపు వేసి అంటించారు. చంద్రధూళి వల్ల సరిగా పట్టలేదు, దారిలోనే ఊడి పడిపోయింది. చక్రం ఎగజిమ్మే ఆ ధూళి సూటు కీళ్ళలోకి దూరుతుంది, పరికరాల మీద నల్లగా పేరుకుంటే ఎండకు వేడెక్కిపోతాయి. మర్నాడు భూమ్మీద నుంచి ఇంకో వ్యోమగామి జాన్ యంగ్ ఎలా చెయ్యాలో చెబుతుంటే, నాలుగు దళసరి పటాలను ఒకదానికొకటి టేపుతో అంటించి, నౌకలోని దీపం క్లాంపులు రెండు తీసుకొచ్చి మడ్‌గార్డు స్థానంలో బిగించారు. టేపు శుభ్రమైన పటం మీద పట్టింది. ధూళి నిండిన మడ్‌గార్డు మీద భారం మోసింది క్లాంపు. అంటే ధూళి ఉన్నచోట జిగురును వదిలేసి బిగింపును నమ్మారు. అరకు కుర్రాడూ అదే చేశాడు.

సరే, కుట్లతో జగదల్‌పూర్ వెళ్ళాను, చిత్రకోట జలపాతం చూశాను, తిరిగొచ్చాను. ఇంటికొచ్చాక తీరిగ్గా చెయ్యాల్సిన పని మిగిలింది. దానికి ముందు ఇది ఏ ప్లాస్టిక్ అని తెలియాలి.

ప్యానెల్ లోపలివైపు బాణం మొనల్లాంటి రెండు గుర్తుల నడుమ అచ్చుపోసిన మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి: ఏబీఎస్. బ్రేకుల ఏబీఎస్ కాదు. అక్రిలోనైట్రైల్, బ్యూటడయీన్, స్టైరీన్ అనే మూడు పదార్థాల కూటమి. అదే గుర్తు దగ్గర పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, చాలా మడ్‌గార్డులు దానితోనే చేస్తారు. అక్షరాలు అరిగిపోతే చిన్న పెచ్చు గీకి నీళ్ళ గ్లాసులో వేయండి. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మెల్లగా మునుగుతుంది. ప్లాస్టిక్‌లో సుద్దపొడి లాంటివి కలిపి ఉంటే ఈ పరీక్ష మోసం చేస్తుంది. మెకానిక్కులు ఇంకో పరీక్ష చేస్తారు: పెచ్చును కాల్చి వాసన చూడటం. పీపీ కొవ్వొత్తి వాసన వేస్తుంది. ఏబీఎస్ నల్లటి మసి విడుస్తూ కాస్త తియ్యగా, ఘాటుగా వాసన వేస్తుంది. అది స్టైరీన్ వాసన.

పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం వాళ్ళకు ఆ పేరు నేను పరిచయం చెయ్యనక్కర్లేదు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు దిగింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. రోడ్ల మీద, కాలవల పక్కన సొమ్మసిల్లి పడిపోయిన మనుషుల్ని, పశువుల్ని చూసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఆ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. అక్కడ పాలీస్టైరీన్ తయారుచేసేవారు. ఆ రాత్రి ట్యాంకులో జరిగిన చర్యను తెలుసుకుంటే, నా ప్యానెల్ ఎలా పుట్టిందో, నా జిగురు ఎలా గట్టిపడిందో కూడా తెలుస్తుంది. ఎందుకంటే మూడింటిలోనూ జరిగేది ఒక్కటే.

ఆయుర్వేద దుకాణంలో శిలారసం అడిగితే ముదురు గోధుమరంగు బంక ఇస్తారు. టర్కీ ప్రాంతపు ఒక చెట్టు కార్చే బంక అది. ధూపాలలో, లేపనాలలో వాడతారు. 1839లో బెర్లిన్‌లో మందుల దుకాణం నడిపే ఎడువార్డ్ సైమన్ ఆ బంకను బట్టీ పట్టి నూనెలాంటి ద్రవం తీశాడు. స్టైరీన్ అనే పేరు ఆ బంక పేరు నుంచి వచ్చిందే. కొన్నాళ్ళు పక్కన పెట్టి చూస్తే ఆ ద్రవం జున్నులా గడ్డకట్టింది. గాలి తగిలి చెడిపోయిందనుకున్నాడు. అది చెడిపోలేదు, గొలుసు కట్టింది. ఒక్కో స్టైరీన్ అణువు పక్కదాని చెయ్యి పట్టుకుంటే, అది దాని పక్కదాని చెయ్యి పట్టుకుంటే, వేల కొద్దీ కలిసి ఒకే దారం అవుతుంది. ప్లాస్టిక్కులు ఇలాంటి పొడవాటి దారాలని 1920లో హెర్మన్ స్టాడింగర్ అంటే తోటి శాస్త్రవేత్తలు నవ్వారు. 1953లో నోబెల్ ఇచ్చారు.

ఇలా చేతులు కలిపినప్పుడల్లా వేడి పుడుతుంది. వేడి ఇంకొన్ని చేతుల్ని తొందరపెడుతుంది. అందుకే స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, గొలుసు కట్టకుండా ఆపే మందు కలిపి ఉంచాలి. లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలని ట్యాంకులో ఈ రెండూ తప్పాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తప్పుపట్టిన వాటిలో ఇవి ముఖ్యమైనవి. గొలుసులు కట్టే వేడికి మిగతా స్టైరీన్ ఆవిరై బయటికొచ్చింది.

ఫెవిక్విక్ చుక్కలోనూ ఇదే జరుగుతుంది, కొలత వేరు. లోపలున్నది సయనోఅక్రిలేట్. 1942లో తుపాకుల గురికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ కోడక్ కంపెనీలో హ్యారీ కూవర్ దీన్ని చూశాడు. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని విసుగెత్తి పక్కన పారేశాడు. 1951లో మళ్ళీ చేతికొచ్చాక అసలు విలువ తెలిసింది, 1958లో అమ్మకానికి పెట్టారు. దీని గొలుసు మొదలవడానికి వేడి అక్కర్లేదు, ఆవగింజంత తేమ చాలు. ఏ వస్తువు మీదైనా కంటికి కనిపించని నీటిపొర ఉంటుంది, అదే నిప్పురవ్వ. సముద్రపు గాలి వీచే మన ఊళ్ళో ఇది ఠక్కున పడుతుంది. క్షారం తగిలితే ఇంకా వేగం. పగులులో కాస్త వంటసోడా నింపి పైన చుక్క వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడి ఖాళీ పూడిపోతుంది. దూది మీద మాత్రం వేయకండి. దూది పోగుల తేమకు గొలుసు ఒక్కసారిగా కట్టి పొగలు కక్కుతుంది, చెయ్యి కాలుతుంది. ట్యాంకు చిన్నదైతే ఎలా ఉంటుందో అదీ.

ఇంత గొప్ప జిగురు సుంకరిమెట్టలో ఓడలేదు కదా, పగులు కొసే గెలిచింది. అయితే అదే జిగురు పీపీ మడ్‌గార్డు మీద నిజంగానే ఓడుతుంది. తామరాకు మీద నీటిబొట్టును తలుచుకోండి. ఆకు మీద నీళ్ళు పరుచుకోవు, ముత్యంలా దొర్లిపోతాయి. పీపీ దేన్నీ తన మీద పరుచుకోనివ్వదు. పరుచుకోనిది పట్టుకోదు. మిలాన్‌లో జూలియో నట్టా 1954లో ఈ ప్లాస్టిక్ గొలుసుల్ని క్రమంగా పేర్చే దారి కనిపెట్టి, 1963లో జీగ్లర్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. అంత క్రమంగా పేరుకున్న గొలుసుల మధ్యకు జిగురు దూరడానికి సందు లేదు. పీపీకి జిగురుతో కాలం వృథా చేసుకోకండి. కుట్టాలి, లేదా కరిగించాలి.

కరిగించి అతకడం అనగానే నాకు చిన్నప్పటి మా వీధి గుర్తొస్తుంది. బిందెలకు మాట్లేస్తాం, కళాయి పూతలేస్తాం అని అరుచుకుంటూ వచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత వాళ్ళ కేకలో ప్లాస్టిక్ బకెట్లు కూడా చేరాయి. బొగ్గుల కుంపటిలో ఇనుప కడ్డీ కాల్చి, పగిలిన బకెట్ అంచుకు అలాంటి బకెట్ ముక్కనే కరిగించి మాటు వేసేవాళ్ళు. వేరే రకం ముక్క ఇస్తే పనికిరాదని తిప్పికొట్టేవాళ్ళు. రంగు కలవదని అనుకునేవాణ్ణి. కలవనిది రంగు కాదు, గొలుసులు. ఒక జాతి ప్లాస్టిక్ గొలుసులు ఇంకో జాతిలోకి నూనెలో నీళ్ళలాగే కలవవు.

జాతి ఒకటే అయితే ఏం జరుగుతుందన్నది వింతైన కథ. కరిగిన ప్లాస్టిక్‌లో గొలుసులు పుట్టలో పాముల్లా పెనవేసుకుని ఉంటాయి. పక్కకు జరగడానికి పక్క పాములు అడ్డం. కాబట్టి ప్రతి గొలుసూ తను పడుకున్న సొరంగం వెంటే, తల ముందు, తోక వెనక, పాకుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ద జెన్ 1971లో ఈ మాట చెప్పి, దానికి పాకే జీవుల పేరే పెట్టాడు. 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది. పగులుకు ఈ ఒడ్డునున్న పాము ఆ ఒడ్డుకు సగం పాకి, ఆ పుట్టలో చిక్కుపడితే ఇక అక్కడ పగులు లేదు. ఉన్నది ప్లాస్టిక్కే. జిగురు రెండు ఒడ్డుల మధ్య మూడోవాడు. ఇక్కడ మూడోవాడు లేడు.

పాకించడానికి వేడి ఒక్కటే దారి కాదు. ఏబీఎస్‌ను అసిటోన్ కరిగిస్తుంది. పాత ప్యానెల్ ముక్క ఒకటి, నాదైతే స్క్రాపు కొట్టులో అడిగి తెచ్చాను, బ్లేడుతో పెచ్చులుగా గీకి గాజుసీసాలో వేసి, మునిగేటంత అసిటోన్ పోసి మూత బిగించాను. మర్నాటికి గంజి పట్టినట్టు నల్లటి ముద్ద అయింది. కేబుల్ టైలు తీసేసి, పగులును లోపలివైపు నుంచి కత్తిమొనతో వీ ఆకారపు గాడిగా చెక్కి, గాడి నిండా ఆ ముద్ద పూసి, పైన స్టీలు జల్లెడ ముక్క పరిచి, మళ్ళీ ముద్ద పూశాను. పైపైన గంటలో ఆరినట్టుంటుంది. లోపలి అసిటోన్ బయటికి రావడానికి కనీసం ఒక రోజు, వీలైతే రెండు. తొందరపడి బిగించినవాడికి అతుకు రబ్బరులా వంగుతుంది. కిటికీలు తీసి చెయ్యండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. గోళ్ళరంగు తుడిచే ద్రవం కూడా పనికొస్తుంది, సీసా మీద అసిటోన్ అని ఉంటేనే. పీపీ మీద ఇదంతా నీళ్ళు పోసినట్టే.

రెండు గొట్టాల ఎపాక్సీ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. ఖాళీ పెద్దదైనప్పుడు మంచిది, సమభాగాలు బాగా కలపాలి. చలిలో అది బద్ధకిస్తుంది. పది డిగ్రీలు తగ్గితే ఇంచుమించు రెట్టింపు సమయం. విశాఖలో సాయంత్రానికి గట్టిపడేది, జనవరిలో అరకు లాడ్జిలో తెల్లారినా జిగటగానే ఉండొచ్చు.

అతికే ముందు చాలామంది ప్యానెల్‌ను పెట్రోలుతో తుడుస్తారు. నేనూ తుడిచేవాణ్ణి. జిడ్డు పోతుంది, నిజమే. అప్పటికే బిగుతుగా లాగి ఉన్న ఏబీఎస్ గొలుసుల మధ్యకు పెట్రోలు దూరి వాటి పట్టు సడలిస్తుంది. కొత్త పగుళ్ళు సాలెగూడులా పుడతాయి. బ్రేకు ఆయిలూ అంతే. సబ్బునీళ్ళు చాలు.

అసలు పగులు ఎందుకు పుట్టిందో ఇంకా చెప్పలేదు. అరకు కుర్రాడు ప్యానెల్ బిగించేటప్పుడు బోల్టు తీసి చూపించాడు. దాని కింద ఉండాల్సిన రబ్బరు బుష్ లేదు. కిందటిసారి బండి కడిగి బిగించినవాళ్ళెవరో, అది ఎక్కడో పడిపోతే, రెంచితో ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిప్పి సరిపెట్టారు. నలభై సెంటీమీటర్ల ఏబీఎస్ ప్యానెల్ మధ్యాహ్నం ఎండలో నలభై డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది. కింద ఉన్న ఉక్కు ఫ్రేము సాగేది అందులో ఆరో వంతో ఏడో వంతో. ఆ తేడాను మింగడానికే రబ్బరు బుష్, దాని చుట్టూ వదులుగా కన్నం. బిగదీసి కట్టేస్తే ఆ మిల్లీమీటరు రోజూ బోల్టు కన్నం అంచు మీద కసి తీర్చుకుంటుంది. దానికి పైన ఎండ. ఏబీఎస్‌ను పెళుసు కాకుండా కాపాడేవి అందులోని బ్యూటడయీన్ రబ్బరు రేణువులు, మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండవు. ప్లాస్టిక్ సాగినప్పుడు వాటి చుట్టూ వెంట్రుకల్లాంటి సన్న చీలికలు పుట్టి బలాన్ని పంచుకుంటాయి. పగులు అంచున నేను చూసిన తెలుపు అదే. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే పైపొరలో ఆ రబ్బరే గట్టిపడి, కాపాడే పని మానేస్తుంది. మొదటి గీత పడేది అక్కడే, బోల్టు కన్నం అంచున.

కుర్రాడు పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, మధ్యలో కన్నం పెట్టి, బోల్టు కింద వేసి, చేతికి ఆనినంత వరకే బిగించాడు. దాన్ని ఇప్పటికీ మార్చలేదు. ప్యానెల్ కింద అసిటోన్ అతుకు, పైన సైకిల్ ట్యూబు రబ్బరు. వర్షాలు రెండు చూసింది.

మీరు దూరం బయలుదేరే ముందు ఒక పూట బండి ప్యానెళ్ళు విప్పండి. లోపలి అక్షరాలు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, కొండ మీద చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. ప్రతి బోల్టు కిందా రబ్బరు ఉందో లేదో వేలు పెట్టి చూడండి. సంచిలో జిగురుతో పాటు నల్ల కేబుల్ టైలు ఒక పిడికెడు, పాత చక్రం పుల్ల ఒకటి వేసుకోండి. పగులు కనిపిస్తే ముందు దాని కొస వెతకండి, తర్వాతే అంటించండి.